తగవు – తీర్పు

నేడు తగవన్నచో మనకు స్ఫురించునది కలహము. ప్రాచీనకవుల భాషలో తగవన్నది న్యాయము, ఔచిత్యము. తగవరి పక్షపాతమెఱుగని మధ్యస్థుడు. 'తగు' ధాతువునుండి పుట్టిన మాట యిది. తమిళమున దీని తోబుట్టువైన 'తకవు' తిరుక్కురళులో నిష్పక్షపాతమును గూర్చిన అధికారమున కన్పట్టును. పెద్దలయొద్దకు తీర్చుటకై తెచ్చిన జగడమునకే క్రమముగ తీర్చు గుణముయొక్క పేరు అంటుకొన్నది కాబోలు. ఉర్దూనుండి వచ్చిన 'తగాదా' ధ్వనిసామ్యముచేత మఱికొంత చెఱుపు చేసియుండవచ్చును.

వివేకము ఉన్నది కదా యందురు. వివేకము వేఱుచేసి చూచుట, తీర్పు ముగించుట. నిర్ణయము మనుష్యులకును, సందర్భమునకును తగియున్నదని ఈ రెండును చెప్పజాలవు. మన విమర్శకులు విరివిగా వాడు 'వివేకవంతమైన తీర్పు' ఆంగ్లపు నీడ.

బస్తరు దక్షిణమున, నేటి సుక్మా జిల్లాలో జగర్గుండా యను గ్రామము కలదు. 2005లో సల్వాజుడుం వచ్చిన పిమ్మట పరిసరగ్రామములవారిని అచ్చట శిబిరమున చేర్చిరి. ఆ గోండీ పేరునకు శుద్ధిచేయు వేట యని యర్థము. ప్రభుత్వము దానిని శాంత్యుద్యమమని వ్యవహరించినది. వేటకును శాంతికిని గల దూరమును గమనింపని అనువాదమది! ఆదివాసి యువకులను నెలకు 3,000 రూపాయల భృతిపై ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకు లిచ్చిరి. అయిదవ తరగతి ఉత్తీర్ణులకు ప్రాధాన్యము; శిక్షణ రెండు నెలలు.

2011 జూలై 5న సుప్రీంకోర్టు దీనిని రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించినది. ధర్మాసనమున తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్ ఉండిరి. ఆ నిర్ణయమున జోసెఫ్ కాన్రాడ్ కాంగో నవల ప్రస్తావింపబడుట సాహిత్యపరులు గమనింపదగినది. అంతటి చదువుతో, అంత కొద్దికాలములో ఆ యువకులకు చట్టపు మర్మము బోధపడినదన్న వాదమును న్యాయస్థానము నమ్మలేదు. మారణాయుధము నిచ్చువారు పుచ్చుకొనువాని విచక్షణశక్తిని తూచవలదా?

మన పత్రికలు దీనిని తీర్పనినవి. కాని తీరినదేది? ఆ సంవత్సరముననే రాష్ట్రము సహాయక సాయుధ పోలీసు బలమునకు చట్టము చేసి, వారిని అందులో చేర్చుకొనుటకు దారి యేర్పఱచినది. తీర్పు తీర్చలేకపోయినను దానియందలి తగవు చెడలేదు. ఈ భేదమును చెప్పుటకు మనకు పాతమాట కావలెను. 'తగవరి'కి కలహపు వాసన ఇంకను అంతగా సోకలేదు. కథకులు దానితో ప్రారంభింపవచ్చును.