భీం చదువు అడిగిన చోట

మొన్న మా ఐదో తరగతికి చిన్న పరీక్ష పెట్టాం. కుమ్రం భీం ఎవరి మీద పోరాడాడు, ఎందుకు పోరాడాడు అని రెండు మార్కుల ప్రశ్న. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: భీం ఢిల్లీ పోయాడు, తెల్లదొర ఎత్తుకుపోయిన చెల్లెను విడిపించి ఇంటికి తెచ్చాడు. ఈ పిల్లవాడు బడి ఎగ్గొట్టేవాడు కాదు. వాళ్ళ తాత ప్రతి ఏడూ ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్ పోయి వచ్చే మనిషి. పాఠం మేమే చెప్పాం. అయినా వాడికి గుర్తున్నది తాత చెప్పిందీ కాదు, మేము చెప్పిందీ కాదు, టీవీ చెప్పింది.

అందుకని 'ఆర్.ఆర్.ఆర్.'ను ఇంట్లో మళ్ళీ పెట్టుకుని చూశాం. 2022లో హాల్లో చూసినప్పుడు అందరితో పాటు మేమూ ఈల వేశాం, భీంను కొరడాతో కొడుతుంటే ఏడ్చాం కూడా. ఆ మాట దాచుకుని విమర్శ రాయడం సరికాదు. కాని హాల్లో మనం ఆలోచించేలోగా ఇంకో ఫైటు వచ్చేస్తుంది. ఇంట్లో అయితే ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, మధ్యలో పొయ్యి మీద పప్పు చూసి రావచ్చు, పక్కింటి తాతను పిలిచి ఇది నిజమేనా అని అడగవచ్చు. ఆ రోజు అమ్మ ఉంది, డిగ్రీ చదివే మా అక్క కొడుకు ఉన్నాడు, పక్కింటి పటేల్ తాత వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. సినిమా తెలుగులో నడుస్తుంటే మా మాటలు గోండీలో నడిచాయి. వాటినే ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

ముందు బాగున్నదే చెబుతాం. మొదటి సన్నివేశంలో మల్లి అనే గోండు పిల్ల పాట పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మ వేస్తుంది. దొరసాని మురిసిపోతుంది. తల్లి ముందు నాలుగు నాణేలు పడతాయి. పాటకు మెచ్చి ఇచ్చారని తల్లి అనుకుంటుంది. తీరా చూస్తే అవి పిల్లను కొన్న డబ్బులు. పిల్లను బండిలో ఎక్కించుకుని పోతుంటే తల్లి వెంట పడి పరిగెత్తుతుంది. ఆమె మీద తూటా ఖర్చు కూడా దండగేనని కట్టెతో తల మీద కొట్టిస్తారు.

అమ్మ ఇక్కడ ఆపమంది. తాత తలుపు దగ్గర నుంచే అన్నాడు: "మా నాయన భూమి కూడా గిట్లనే పోయింది. ఉప్పు, బట్ట, కల్లు ఇచ్చిండ్రు. మా మీద ప్రేమతో ఇస్తున్నరనుకున్నం. తర్వాత కాగితం తెచ్చి వేలిముద్ర చూపిచ్చిండ్రు." బేరం జరుగుతోందని ఒక పక్షానికి తెలియకుండానే బేరం ముగిసిపోవడం. ఆదిలాబాద్ అడవుల్లో వందేళ్ళుగా జరిగింది ఇదే. 1/70 చట్టం వచ్చాక కూడా పేర్లు మార్చుకుని జరుగుతూనే ఉంది. మూడు గంటల సినిమాలో మన బతుకు నిజంగా కనిపించింది ఆ నాలుగు నిమిషాల్లోనే అని మేము అనుకుంటున్నాం. తీసినవాళ్ళకు ఇది తెలిసే తీశారో, కథకు కుదిరి వచ్చిందో గాని, తాతకు మాత్రం గుచ్చుకుంది.

తర్వాత పులి వచ్చింది. భీం పులిని వలలో పట్టి, మందు వాసన చూపించి మత్తు ఎక్కించి, తన పనికి వాడుకుంటున్నందుకు దాన్ని క్షమించమంటాడు. అడవి మనిషి అంటే పులితో కుస్తీ పట్టేవాడు అనే పాత అలవాటు ఉన్నా, ఆ క్షమాపణ మాకు నచ్చింది. తాత మాత్రం నవ్వాడు. "ఇప్పుడు పులి కాదు, పులి పేరు చెప్పి మనల్నే పడుతున్నరు" అన్నాడు. కవ్వాల్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఆ మాటను విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక మా పేచీ దగ్గరికి వస్తాం. సినిమా అయిపోయే ముందు, గెలిచిన తర్వాత, రామ్ భీంను అడుగుతాడు, నీకేం కావాలి అని. భీం చదువు అడుగుతాడు, తనకూ తనవాళ్ళకూ. అప్పుడు రామ్ జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు. హాల్లో చూసినప్పుడు టీచర్లం కాబట్టి మాకు ఆ చోట గుండె ఉప్పొంగింది. చదువు అడిగాడు చూడండి, భూమి కాదు, బంగారం కాదు అని బళ్ళో పిల్లలకు చెప్పాం కూడా. తప్పు మా దగ్గరా ఉంది.

ఇంట్లో ఆ చోట ఆపి చూస్తే వేరేగా కనిపించింది. భీంకు బలం ఉంది, పాట ఉంది, ప్రేమ ఉంది, దెబ్బలు ఓర్చుకునే ఒళ్ళు ఉంది. లేనిది అక్షరం ఒక్కటే. అది పక్కవాడి చేతిలో ఉంది. భీం అడగాలి, అతను ఇవ్వాలి. చివరకు మన నినాదం కూడా మన చేత్తో రాసింది కాకుండా పోయింది.

మా దగ్గర పెద్దలు చెప్పే భీం కథ ఇలా ఉండదు. పండించిన పంటను, దున్నిన భూమిని లాక్కోవడానికి వచ్చినవాడితో గొడవలో ఆ మనిషి చనిపోతే, భీం ఊరు విడిచి చాందాకు పోయాడు. ఇప్పుడు చంద్రపూర్ అంటున్నది అదే. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చాపీసులో పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయి కూలీల మధ్య బతికాడు. తిరిగి వచ్చేనాటికి కాగితం చదివి అందులో ఏముందో చెప్పగల మనిషి. జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్ళను ఒక్కటి చేయడానికి విల్లు ఒక్కటే సరిపోదు. అర్జీ రాయాలి, తాఖీదు చదవాలి, జంగ్లాత్ వాళ్ళు గీసిన గీత ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి. 1940లో నిజాం పోలీసుల తూటాలకు భీం పోయాడు. ఆయన ఎదిరించింది నిజాం పోలీసును, జంగ్లాత్‌ను, భూమి కాజేసినవాళ్ళను. ఢిల్లీలో దొర బంగళాను కాదు. అడిగింది ఒక పిల్లను కాదు, పన్నెండు ఊళ్ళ మీద హక్కును.

ఈ తేడా చిన్నది కాదు. సినిమాలో మల్లి తల్లి ఒడికి చేరగానే లెక్క తీరిపోతుంది, అందరం తృప్తిగా లేచిపోతాం. అసలు లెక్క భూమిది. అది తీరలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చిన తర్వాత కూడా పోడు పట్టా కోసం ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు.

అక్షరం సంగతి ఇంకొంచెం చెప్పాలి. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులు దొరికాయి. వాటి లిపి వేరు. దాన్ని చదవగల పెద్దలు కొద్దిమందే మిగిలారు. గుంజాల గోండీ లిపి అని 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. అంటే ఆర్.ఆర్.ఆర్. రావడానికి నాలుగేళ్ళ ముందే మన అక్షరం కంప్యూటర్‌లో ఉంది. అచ్చు మన ఆదిలాబాద్ గోండుల అక్షరమే. కథ రాసినవాళ్ళు ఒక్క రోజు గుంజాల వచ్చి ఉంటే, భీం చేతికి బలపం ఇచ్చేవాళ్ళేమో.

బడి కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. భీం పోయిన మూడేళ్ళకు, 1943లో, హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. హైమన్‌డార్ఫ్ మంచివాడు, మన పెద్దలు ఆయన్ను మరిచిపోలేదు. కాని జోడేఘాట్‌లో తూటాలు పేలకపోతే నిజాం సర్కారుకు మన పిల్లల చదువు గుర్తొచ్చేదా? శిక్షణ పొంది ఊళ్ళలో పలక పట్టించినవాళ్ళు కూడా గోండులే. మాలాంటి టీచర్లు ఆ వరుసలో వెనక వచ్చినవాళ్ళం.

ఇక్కడ మా అక్క కొడుకు అడ్డం వచ్చాడు. "మామా, ఇది కల్పిత కథ అని మొదట్లోనే రాశారు కదా. రామరాజు, భీం కలిసినట్టే చరిత్రలో లేదు. మరి చరిత్ర పరీక్ష ఎందుకు పెడతవ్?" న్యాయమైన మాటే. కల్పించే హక్కు సినిమాకు ఉంది. మేము అడిగేది, కల్పించేటప్పుడు కూడా మన చేతిలోంచి అక్షరమే ఎందుకు తీసేశారు అని. ఉన్న ఇద్దరిలో ఎవరు చదివినవాడు, ఎవరు చదవనివాడు అని పంచుకునేటప్పుడు ఆ పంపకం ఎందుకంత తేలిగ్గా జరిగిపోయింది?

ఇది ఒక్క సినిమా అలవాటు కూడా కాదు. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' మాకు ఇష్టమైన సినిమా, టీవీలో ఎప్పుడు వచ్చినా చూస్తాం. కాని అది చూసి పెరిగిన ఎంతమందికి గాం మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచాడని తెలుసు? మల్లుదొర అంటే రాజు వెనక నిలబడే మనిషి అనే బొమ్మే మన కళ్ళలో నిలిచింది. భీం మీద 1990లో అల్లాణి శ్రీధర్ ఒక సినిమా తీశారు. అది హాళ్ళకు రావడానికి 2010 దాకా పట్టింది. మన ఊళ్ళలో ఎంతమంది చూశారో లెక్క పెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

అదే వారం 'జై భీమ్' కూడా పెట్టుకున్నాం. 2021లో హాల్‌కు పోకుండా నేరుగా ఇళ్ళకు వచ్చిన తమిళ సినిమా, తెలుగులోనూ ఉంది. ఇరుళ తెగ ఆడమనిషి సెంగేణి, పోలీసులు మాయం చేసిన భర్త కోసం కోర్టుకు పోతుంది. లాకప్ సన్నివేశాలు అమ్మ చూడలేక లోపలికి పోయింది. ఇక్కడ కూడా కాపాడేవాడు బయటి నుంచి వచ్చిన లాయరే, చదువు చెప్పేది బయటి నుంచి వచ్చిన టీచరమ్మే. ఇరుళ పాత్రలు వేసిన ముఖ్య నటులు కూడా ఇరుళవాళ్ళు కారు. ఆ మాట మేము మరిచిపోలేదు.

అయినా రెండు చోట్ల ఈ సినిమా వేరే దారి పట్టింది. పోలీసులు జీపు ఎక్కమని బతిమాలితే సెంగేణి ఎక్కదు. కూతురి చెయ్యి పట్టుకుని నడిచిపోతుంది, జీపు వెనకాల మెల్లగా రావాల్సి వస్తుంది. డబ్బు తీసుకుని రాజీపడమంటే, ఇది ఎక్కడిదని పిల్లలు అడిగితే తండ్రిని చంపినవాళ్ళు ఇచ్చారని చెప్పాలా అంటుంది. మల్లి తల్లి ముందు పడిన నాణేలు మాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆమెకు ఆ డబ్బు ఏమిటో తెలియదు. సెంగేణికి తెలుసు, అందుకే వద్దంది. రెండోది చివరి బొమ్మ. లాయరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంటాడు. సెంగేణి కూతురు ఎదురు కుర్చీలో కూర్చుని ఇంకో పేపరు అందుకుంటుంది, కాలు మీద కాలేసుకుంటుంది. ఒక్క క్షణం భయపడి కాలు దించబోతుంది. అతను చూపుతోనే ఉండనీ అంటాడు. ఆ పిల్ల ఎవర్నీ అక్షరం ఇమ్మని అడగలేదు. ఎదురుగా ఉంది, తీసుకుంది. మా తరగతిలో రోజూ చూడాలనుకునేది ఆ కూర్చోవడమే.

'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' గురించి పెద్దగా రాయం. ఎలక్షన్ డ్యూటీ మీద కొండ ఊరికి పోయిన తెలుగు మాస్టారి కథ. డ్యూటీ చేసినవాళ్ళం కాబట్టి పెట్టెలు మోసుకుపోయే చోట్ల నవ్వుకున్నాం. వంతెన, బడి, ఆసుపత్రి రాకపోతే ఓటు వేయం అని ఊరంతా ఒక మాట మీద నిలబడటం బాగుంది. అక్కడైనా మాస్టారు వచ్చి ఒప్పించేదాకా ఊరికి దారి దొరకదు. మాస్టారు మన ఊరివాడే అయితే కథ ఎలా ఉండేదో!

మా మాట సినిమాలు చూడొద్దని కాదు. మేమూ చూస్తాం, రేపు ఇంకోటి వస్తే అదీ చూస్తాం. బళ్ళో పాఠం చెప్పే మిత్రులారా, ఒక్కసారి పిల్లలతో కలిసి ఆ చివరి సన్నివేశం దగ్గర ఆపి, భీం చేతిలో ఏముండాలో వాళ్ళను అడగండి. మేము అడిగాం. ఒకడు తుపాకీ అన్నాడు, ఒకడు జెండా అన్నాడు. వెనక కూర్చున్న ఒక కొలాం పిల్ల, వాళ్ళింట్లో ట్రంకు పెట్టెలో ఒక పాత కాగితం ఉందని, నాయనకు చదవరాదని, తెమ్మంటే తెస్తానని చెప్పింది.

మర్నాడు తెచ్చింది. ఉర్దూలో ఉంది, సీలు సగం చెరిగిపోయింది. మాకూ చదవరాదు. చదవగలిగిన పెద్దమనిషి ఒకాయన ఉట్నూరులో ఉన్నాడని తాత చెప్పాడు. వచ్చే ఆదివారం ఆ పిల్లను, వాళ్ళ నాయనను తీసుకుని పోతున్నాం. ఢిల్లీ జవాబు రాసిన పిల్లవాడు తానూ వస్తానన్నాడు. వాడి రెండు మార్కులు ఇంకా వేయలేదు.