ఊరంతా ఎక్కి కప్పే ఇల్లు

జపాన్‌లో గిఫు, తొయామా ప్రాంతాల కొండల నడుమ షో నది పారే లోయ ఉంది. శీతాకాలంలో అక్కడ మంచు 2 మీటర్లు దాటి పేరుకుంటుంది. ఆ బరువు నెత్తిన నిలవకుండా జారిపోవాలంటే కప్పు ఏటవాలుగా ఉండాలి. అక్కడి రైతులు దాన్ని దాదాపు 60 డిగ్రీల దాకా నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టినట్టుంటాయి ఆ ఇళ్ళు. గాస్షో ఇళ్ళంటారు వాటిని. ఒగిమాచి, ఐనోకురా, సుగానుమా అనే మూడు ఊళ్ళను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికి ఒక్క ఒగిమాచిలోనే ఇలాంటివి 59 ఉన్నాయి.

చూసొచ్చినవాళ్ళు ముందుగా చెప్పేది, కప్పులో ఒక్క మేకు కూడా లేదని. నిజమే. కానీ మేకు లేకపోవడాన్ని పనితనం కింద పొగిడి ఊరుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. మేకు లేనిది పై కప్పులో. అది ఎవరు కట్టారన్నదే ఇక్కడ ముఖ్యం.

ఈ ఇంట్లో రెండు రకాల పని ఉంది. కింది భాగం వడ్రంగులది. ఒక కొయ్య చివర చెక్కి మరో కొయ్య బెజ్జంలోకి బిగించే నేర్పంతా అక్కడే. దూలాల ఎంపికలోనే వాళ్ళ తెలివి తెలుస్తుంది. కొండవాలున మొలిచిన చెట్టును చిన్నప్పుడే మంచు కిందికి నొక్కుతుంది. అది మొదట్లో వంగి, ఆ పైన సర్దుకుని నిటారుగా లేస్తుంది. మామూలుగా అయితే వంకర కొయ్యని పక్కన పడేస్తారు. వీళ్ళు మాత్రం దాన్ని వెతికి తెచ్చి దూలంగా వేస్తారు. ఆ వంపు మీదుగా కప్పు బరువు బయటి స్తంభాల మీదికి దిగుతుంది.

ఆ పైనున్న కప్పు ఊరివాళ్ళది. జతలు జతలుగా నిలిపిన లావుపాటి వాసాలే దానికి ఆధారం, నడిమధ్యన నిట్టాడు లేదు. ప్రతి వాసం అడుగు మొననూ కోసుగా చెక్కి, కింది దూలం చివర ఉన్న చిన్న గుంటలో ఊరికే ఆనిస్తారు. బిగించరు. గాలి తోసినా, ఒకవైపు మంచు ఎక్కువై బరువు మారినా, భూమి కంపించినా వాసం ఆ గుంటలో కాస్త కదిలి సర్దుకుంటుంది. పక్కకు ఒరిగిపోకుండా వాసాల మధ్య ఏటవాలు కొయ్యలు అడ్డం కడతారు. కట్టుకు వాడేది గడ్డితాడు, లేదంటే నెసో. నెసో అంటే ఒక జాతి పొద చెట్టు లేత కాండం. పచ్చిగా ఉండగానే నలగ్గొట్టి, మెలిపెట్టి, కొయ్యల చుట్టూ తిప్పి ముడేస్తారు. ఎండేకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. పొలం పని చేసే ఎవరికైనా ముడి వేయడం వచ్చు. మేకు కొట్టాలంటే కమ్మరి కావాలి, డబ్బు కావాలి. ముడికి పక్కింటివాడు చాలు.

పక్కింటివాడు ఊరికే రాడు. మన పల్లెల్లో ‘బదులు’ పనికి వెళ్ళినట్టే అక్కడ ‘యూయి’ అనే కట్టుబాటు ఉంది. ఎవరి కప్పుకు ఎవరు ఎంత గడ్డి తెచ్చారు, ఎన్ని తాళ్ళు తెచ్చారు, ఎవరింటి నుంచి ఎందరొచ్చారు అన్నీ పుస్తకంలో రాసి పెట్టుకునేవారు. అలా సాయం చేసినవాళ్ళ కప్పు మార్చే రోజున అంతా తిరిగి ముట్టాలి. కప్పు 30, 40 ఏళ్ళు నిలిచేది కాబట్టి తండ్రి బాకీ కొడుకు తీర్చిన సందర్భాలు ఎన్నో ఉండాలి. 100 మందో 200 మందో ఎక్కి ఒకటి రెండు రోజుల్లో ఒక పక్క కప్పు దించి కొత్త గడ్డి నేసేసేవారు. ఆడవాళ్ళు అందరికీ వంట చేసి పెట్టేవారు.

అంత ఎత్తున కప్పు లేపింది మంచు కోసమే కాదు. దాని కింద రెండు మూడు అంతస్తుల అటక దొరుకుతుంది. అక్కడ పట్టుపురుగులు పెంచేవారు. నేలపొయ్యి వెచ్చదనం పైకెక్కేలా అటక నేలను సందులు వదిలి పరిచేవారు. పొయ్యికి పైన ఒక చెక్క చట్రం వేలాడుతుంది. నిప్పురవ్వలు గడ్డికప్పు దాకా ఎగరకుండా ఆపి, వేడిని నలుదిక్కులా పంచడం దాని పని. తొయామా వైపున్న గోకాయామా ప్రాంతంలోనైతే పొయ్యి పక్కన నేలలో గొయ్యి తవ్వి, మట్టి, ఆకూ అలమూ, పట్టుపురుగుల పెంట పొరలుగా వేసి ఏళ్ళ తరబడి మాగబెట్టి సురేకారం తీసేవారు. కాగా అనే సంస్థానం తుపాకి మందు కోసం దాన్ని కొనేది. చిలీ నుంచి చవక సరుకు దిగాక ఆ పని పోయింది. అలా పొలం చాలని లోయలో ఇల్లే కార్ఖానాగా ఉండేది.

జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ 1935లో వచ్చి చూసి ఈ కట్టడాల్లోని హేతుబద్ధతను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఊళ్ళను కాపాడలేదు. నది మీద ఆనకట్టలు వచ్చాయి. 1961లో పూర్తయిన మిబోరో ఆనకట్ట కింద ఊళ్ళే మునిగాయి. చివరికి 1971లో ఒగిమాచి జనమే కూర్చుని ఒక మాట అనుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. ఆ ఊరికి ప్రభుత్వ రక్షణ వచ్చింది ఆ తర్వాత, 1976లో.

ఇప్పుడు చాలా కప్పులు జీతానికి పనిచేసే పనివాళ్ళే మారుస్తున్నారు. 2001లో నగాసే అనే కుటుంబం ఇంటి కప్పు మార్చినప్పుడు మాత్రం 500 మందికి పైగా చెయ్యి వేశారు. దానికి దూరాల నుంచి వచ్చినవాళ్ళు కూడా కావలసి వచ్చిందంటే యూయి ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. ఇంకో చిక్కు పొగతో. ఇన్నాళ్ళూ గడ్డికి పురుగు పట్టకుండా, తాళ్ళు కుళ్ళకుండా కాపాడింది నేలపొయ్యి మసే. గ్యాస్ పొయ్యి వచ్చాక కప్పు ఆయుష్షు తగ్గింది. అందుకని చూడ్డానికి తెరిచి ఉంచిన ఇళ్ళలో వంట లేకపోయినా పొయ్యి రాజేస్తారు. లోపలికి అడుగుపెట్టిన యాత్రికులకు కళ్ళు మండుతాయి, బట్టలకు పొగ వాసన పడుతుంది. ఆ పొగ కప్పు కోసం.