బొట్టు అంచున

చింతపండుతో తోమిన రాగిచెంబు మీద నీళ్లు పలచగా పరుచుకుంటాయి. నాలుగు రోజులు ఊరికే ఉంచితే అదే చెంబు మీద బొట్లు కడతాయి. చేమాకు మీదైతే ఎప్పుడూ గోళీలే. బొట్టు అంచు తలాన్ని తాకే చోట ఏర్పడే కోణమే స్పర్శకోణం. థామస్ యంగ్ 1805లో దీని వెనకున్న సూత్రాన్ని సమీకరణం లేకుండా మాటల్లోనే చెప్పాడు. నేటికీ ప్రయోగశాలలో కొలిచేది ఆ కోణాన్నే: సూదితో చిన్న బొట్టు వదిలి, వెనక దీపం పెట్టి, పక్కనుంచి ఫొటో తీస్తారు. కోణం 90 డిగ్రీల లోపుంటే తలానికి నీరంటే ఇష్టం, దాటితే అయిష్టం.

రాగి మీద గ్రాఫీన్ కప్పితే? అది ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర, సుమారు 0.335 నానోమీటర్లు. 2012లో రెన్సెలేర్, రైస్ విద్యాసంస్థల పరిశోధకులు చూస్తే, పొర కప్పినా కోణం దాదాపు 86 డిగ్రీల దగ్గరే ఉంది. కింది లోహం నీటిని లాగే బలం ఆ పొరను దాటి వస్తోందన్నారు. ఆ ఏడే మరో బృందం, ఆ బలం పూర్తిగా కాదు, కొంతే దాటుతుందని వాదించింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం 2013 నాటి పిట్స్‌బర్గ్ ప్రయోగం. రాగి మీద అప్పుడే పెరిగిన గ్రాఫీన్‌కు కోణం 44 డిగ్రీలే. గాలిలోని నూనెజాతి అణువులు అంటుకుని ఒక్క రోజులో 80కి చేరింది. గ్రాఫైట్ అయితే 64 నుంచి 90 దాటింది. అంటే గ్రాఫైట్‌కు నీరు పడదని దశాబ్దాలుగా అనుకున్నది చాలావరకు మురికి గుణం!

తలం మీది నానోస్థాయి గరుకుతనం ఈ చిక్కును పెంచుతుంది. వెంజెల్ 1936లో చూపినట్టు, గరుకు తలం తన స్వభావాన్ని పెంచి చూపుతుంది: ఇష్టం ఉంటే మరింత తడుస్తుంది, అయిష్టం ఉంటే మరింత నెడుతుంది. 90 దగ్గర మాత్రం గరుకుకు పెద్దగా పనిలేదు. కాబట్టి నమూనా ఎంత చక్కగా చెక్కినా, అది గాలిలో ఎంతసేపు ఉందో రాయని కొలతను నేను నమ్మను.

ఇంత శ్రమ ఎందుకంటే ఆవిరి కోసం. విద్యుత్కేంద్రాల కండెన్సర్ గొట్టాల మీద నీరు పొరగా కడితే వేడి దాటడానికి అడ్డం. బొట్లుగా జారితే దారి తెరుచుకుంటుంది. 2015లో ఎంఐటీ బృందం గ్రాఫీన్ కప్పిన రాగి మీద బొట్లు కట్టించి, పొరగా కట్టినప్పటికన్నా నాలుగు రెట్ల వేడి దాటించింది. వంద డిగ్రీల ఆవిరిలో రెండు వారాలు దాటినా పూత చెడలేదు.

గరుకుతనాన్నీ గ్రాఫీన్‌నూ కలపాలంటే మాత్రం మరో చిక్కు: గరుకు రాగి మీద నేరుగా గ్రాఫీన్ పెంచడం కష్టం. కొలిమి దాదాపు 1000 డిగ్రీలు, రాగి కరిగేది 1085 దగ్గర. సన్నని చెక్కడాలు మొద్దుబారిపోతాయి. వేరేచోట పెంచి తెచ్చి పరిస్తే, అది గుంటల్లోకి దిగకుండా పందిరిలా పైనే నిలవవచ్చు. అక్కడ బొట్టు కింద రాగి లేదు, గాలే ఉంది.