చెప్పిన వేళకు లేచే థ్రెడ్

ఒక్క మిల్లీసెకను ఆగి లేవమని చెబితే, థ్రెడ్ పదిహేను మిల్లీసెకన్లు పడుకుని లేస్తుంది. విండోస్‌లో ప్రోగ్రాములు రాసే చాలామందికి ఇది అనుభవమే. అక్కడి టైమర్ మామూలుగా సెకనుకు 64 సార్లే, అంటే 15.6 మిల్లీసెకన్లకోసారి పలుకుతుంది. నిద్రపోతున్న థ్రెడ్‌ సంగతి అప్పుడే తేలుతుంది.

ఎంత ఖరీదైన ప్రాసెసర్ కొన్నా ఈ జబ్బు పోదు. గంటకు వంద కిలోమీటర్లు పోయే బస్సు వేరు, రోజూ ఏడింటికల్లా స్టాపులో ఉండే బస్సు వేరు. రియల్‌టైమ్ ప్రోగ్రామర్లకు కావలసింది రెండోది. సెకనుకు 48,000 శాంపిళ్లతో నడిచే ఆడియోలో 64 శాంపిళ్ల బఫర్ పెట్టుకుంటే థ్రెడ్‌కు దక్కే గడువు 1.33 మిల్లీసెకన్లు. వెయ్యిసార్లు సరిగ్గా వచ్చి ఒక్కసారి ఆలస్యమైనా స్పీకర్ టప్పుమంటుంది. సగటు లెక్క ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

కొత్తవాళ్లు ముందుగా బోల్తాపడేది లూపులోనే. పని చెయ్, మిల్లీసెకను పడుకో, మళ్లీ పని చెయ్ అని రాస్తారు. పనికి 80 మైక్రోసెకన్లు పట్టిందనుకుంటే వెయ్యి చుట్లు తిరిగేసరికి 80 మిల్లీసెకన్లు వెనకబడినట్టే. అందుకే ఆరితేరినవాళ్లు 'ఇంతసేపు పడుకో' అనరు, 'ఫలానా క్షణానికి లే' అంటారు. లినక్స్‌లో క్లాక్‌నానోస్లీప్‌కు ఆ సౌకర్యం ఉంది. ఆ క్షణాన్ని కూడా గోడ గడియారంతో కాక, ఎవరు సరిచేసినా వెనక్కి పోని మోనోటోనిక్ క్లాక్‌తో లెక్కిస్తారు.

అయినా కొంత తేడా మిగులుతుంది. విద్యుత్ ఆదా కోసం నాలుగు మేల్కొలుపుల్ని ఒకేసారి కానిద్దామని లినక్స్ మామూలు థ్రెడ్‌ను 50 మైక్రోసెకన్ల దాకా ఆలస్యంగా లేపవచ్చు. దీనికి మొరటు మందొకటి ఉంది: గడువుకు ఓ 200 మైక్రోసెకన్ల ముందే లేచి, మిగతా కాసేపూ గడియారాన్ని చూస్తూ ఊరికే తిరగడం. దీన్నే స్పిన్ అంటారు. కోర్ వేడెక్కుతుంది, కరెంటు ఖర్చవుతుంది. కానీ పని జరుగుతుంది. మొత్తం వ్యవధి అంతా స్పిన్ చేయించేవాళ్లూ ఉన్నారు. బ్యాటరీతో నడిచే యంత్రంలో అది దుబారా.

ఇక ఏ పని ముందు నడవాలనే ప్రాధాన్యాల గొడవ. 1997 జూలై 4న అంగారకుడిపై దిగిన వ్యోమనౌక పాత్‌ఫైండర్ కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ కావడం మొదలుపెట్టింది. వాతావరణ సమాచారం పోగుచేసే తక్కువ ప్రాధాన్యపు టాస్క్ ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి టాస్కులు వచ్చి దాన్ని పక్కకు నెట్టేవి. ఆ తాళం కోసమే కాచుకున్న అత్యవసర టాస్క్ అలాగే నిలిచిపోయేది. గడువు దాటిందని గమనించిన వ్యవస్థ కంప్యూటర్‌ను రీసెట్ చేసేది. ఇలాంటి రీసెట్లు ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ కనిపించాయి, మళ్లీ రప్పించలేక వదిలేశారు. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు భూమ్మీది నమూనాలో తప్పు పట్టుకుని, తాళం పట్టుకున్నవాడికి ఎదురుచూసేవాడి ప్రాధాన్యం తాత్కాలికంగా దక్కే సెట్టింగును ఆన్ చేసి పంపారు. ఆ సౌకర్యం నౌకలోని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్‌లో ముందునుంచీ ఉన్నదే!

లినక్స్‌లో ఇలాంటి క్రమశిక్షణ కోసం ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు దాదాపు ఇరవై ఏళ్లు విడి ప్యాచ్‌గా మోసుకొచ్చిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ 2024 నవంబరులో వచ్చిన 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నల్‌లో చేరింది. చివరిదాకా మొండికేసిన భాగాల్లో ఒకటి, కెర్నల్ సందేశాలు అచ్చేసే ప్రింట్‌కే.

ఈ ఆలస్యాల్ని కొలవడానికి సైక్లిక్‌టెస్ట్ అనే పనిముట్టు ఉంది. యంత్రంపై పనిభారం పెట్టి గంటల తరబడి దాన్ని నడుపుతారు. అనుభవజ్ఞుల చూపు గరిష్ఠ ఆలస్యం చూపే అంకె మీదే. అదీ వికటిస్తే అనుమానం మదర్‌బోర్డు మీదికి పోతుంది. ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పకుండానే ప్రాసెసర్‌ను కాసేపు లాక్కోగలదు, అప్పుడు ఏ థ్రెడ్ ప్రాధాన్యమూ పనికిరాదు. ఆ దొంగతనాన్ని పట్టే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్‌ను కోడ్ జోలికి పోకముందే నడపడం మేలు.