రెండో అంకె పనితనం

1969 రాష్ట్రపతి ఎన్నిక ఫలితాల పట్టిక చూసేవాళ్లంతా పైనున్న మూడు పేర్ల దగ్గరే ఆగిపోతారు. నాకు అడుగునున్న వాళ్ల మీద మోజు. అక్కడ ఒకాయనకు 576 ఓట్లు. ఇద్దరికి తలా 125. ఇంకొకాయనకు 94. పంచాయతీ ఎన్నికల్లో అయితే 125 ఓట్లంటే ఒక వీధి. ఇక్కడ అవి తలల లెక్క కాదు. 576 అంటే అప్పట్లో సరిగ్గా ఒక ఎంపీ ఓటు. 125 అంటే ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కరి ఓటు. బెంగాల్‌కూ, ఒరిస్సాకూ కూడా అదే అంకె పడింది కాబట్టి ఆ పుణ్యాత్ముడు ఎవరో పట్టుకోవడం కుదరదు. ఓటు రహస్యం మరి.

ఈ 125 ఎలా పుట్టిందో చూస్తే ఈ యంత్రం నిర్మాణం సగం తెలిసిపోతుంది. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ జనం 3 కోట్ల 59 లక్షల 83 వేల చిల్లర. అసెంబ్లీ స్థానాలు 287. భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే వెనక లక్షా పాతిక వేల పైచిలుకు మంది. వెయ్యి మందికి ఒక ఓటు చొప్పున 125. దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువలూ కలిపి, ఆ మొత్తాన్ని ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు 576 అయింది. అంటే రాష్ట్రాలన్నీ ఒక తట్టలో, పార్లమెంటు ఒక తట్టలో, రెండూ సమానంగా తూగేలా కట్టారు. ఇప్పుడు 1971 జనాభాను పట్టుకుని లెక్క వేస్తున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 159. మా బ్రహ్మంగారిమఠం మండలం మైదుకూరు నియోజకవర్గంలోది. మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎమ్మెల్యేలు నలుగురూ కలిసి ఓటేసినా 636. ఒక్క ఎంపీది 700.

ఇక ఆ మూడు పేర్లు. జాకిర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ పార్టీ అధికారిక అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. ఆయన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, లోక్‌సభ స్పీకరు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా దిగారు. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, తర్వాత ఆర్థిక మంత్రి. మరాఠీ ఆయనే అయినా మనకు అల్లుడు. రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి ఆయన భార్య. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు ఆయన్ని బలపరిచాయి. ఢిల్లీ గద్దె కోసం జరిగిన పోటీలో ముగ్గురికి ముగ్గురూ తెలుగు గడపతో సంబంధం ఉన్నవాళ్లే కావడం మళ్లీ ఎప్పుడూ జరగలేదు.

ఆ ఏడాది రాజకీయం గురించి చాలామంది చాలా రాశారు. సంజీవరెడ్డి నామినేషన్ మీద సంతకం చేసిన ఇందిరా గాంధీయే చివరికి అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. పార్టీ రెండుగా చీలింది. ఆ కథ నాకిక్కడ అక్కర్లేదు. ఓటు కాగితం మీద ఒక అంకె చేసిన పని కావాలి.

రాష్ట్రపతి ఎన్నికలో ముద్ర ఉండదు, గుర్తులుండవు. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు రాయాలి. 1 తప్పనిసరి. అది లేకపోతే కాగితం చెల్లదు. మిగతావి రాసినా సరే, మానినా సరే. చెల్లిన ఓట్ల మొత్తం విలువను రెండుతో భాగించి ఒకటి కలిపితే కోటా వస్తుంది. మొదటి లెక్కలో ఎవరూ కోటా దాటకపోతే అందరికన్నా తక్కువ వచ్చిన అభ్యర్థిని తప్పించి, ఆయన కాగితాలు తిరిగి తెరిచి, రెండో అంకె ఎవరి పేరు ఎదుట ఉంటే వాళ్ల కట్టలో పెడతారు. అప్పటికీ తేలకపోతే తర్వాతి ఆయన వంతు. కాగితం కట్ట మారినా దాని విలువ మారదు. ఆంధ్ర ఎమ్మెల్యేది ఏ కట్టలో ఉన్నా 125గానే ఉంటుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగ చేశాక రాలిన రజనును కంసాలి ఊడ్చి దాచుకుని మళ్లీ కరిగిస్తాడే, ఆ జాగ్రత్తే ఇది. ఓడిపోయిన వాడి ఓటు కూడా లోహమే, పారేయడానికి వీల్లేదు. రాజ్యాంగంలోని 55వ అధికరణం దీన్ని ఒకే వాక్యంలో చెప్పి ఊరుకుంది. ఆ వాక్యాన్ని ఆమోదించిన సభలో సంజీవరెడ్డీ ఉన్నారు, దుర్గాబాయీ ఉన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అది ఒకరి గద్దెనూ, ఇంకొకరి భర్త ఓట్లనూ తూచబోతోందని వాళ్లకేం తెలుసు! మా వైపు ఏది జరిగినా కాలజ్ఞానంలో ముందే ఉందంటారు గానీ, ఇది మాత్రం ఆగస్టు 20న లెక్క ముగిసేదాకా ఎవరికీ అంతుబట్టలేదు.

చెల్లిన ఓట్ల విలువ 8,36,337. కోటా 4,18,169. తొలి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. మిగతా చిన్న అభ్యర్థులందరికీ కలిపి 8,505. పోటీలో ఉన్నది పదిహేను మంది. వాళ్లలో ఐదుగురికి ఒక్క ఓటూ పడలేదు.

ఇక్కడ కాసేపు నిలబడి చూడాలి. గిరి ముందున్నారు, కానీ కోటాకు 16,654 తక్కువ. దేశ్‌ముఖ్ కట్టలో లక్షకు పైగా విలువ ఉంది. అందులో రెండో అంకె ఎవరిదైతే వాళ్లదే రాష్ట్రపతి భవన్. దేశ్‌ముఖ్ గెలవరని ఆయనను నిలబెట్టిన పార్టీలకూ తెలుసు. అయినా వాళ్లు ఓటు వృథా చేసుకుంటున్నామని దిగులు పడనక్కర్లేదు. నచ్చిన మనిషికి 1 రాసి, నచ్చని ఇద్దరిలో తక్కువ నచ్చని వాడికి 2 రాస్తే సరిపోతుంది. నిరసనా, నిర్ణయమూ రెండూ ఒకే కాగితం మీద ఇమిడాయి. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఇదే. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప కూడా దీన్ని గ్రహించే జనసంఘ్, స్వతంత్ర నాయకులను కలిసి సంజీవరెడ్డికి రెండో ప్రాధాన్య ఓటు అడిగారు. ఆ కలయికే ఇందిర వర్గానికి ఆయుధమైంది, అది వేరే సంగతి.

ఒక్కొక్కరినే తప్పించుకుంటూ వచ్చారు. చివరికి మిగిలింది ఇద్దరు. గిరి 4,20,077. సంజీవరెడ్డి 4,05,427.

కూడికలు తీసివేతలు చేసి చూడండి. తప్పుకున్న వాళ్లందరి కట్టల విలువ 1,21,274. అందులో 91,879 సంజీవరెడ్డికి చేరింది, గిరికి వచ్చింది 18,562 మాత్రమే. నాలుగింట మూడు వంతులు సంజీవరెడ్డివే! దేశ్‌ముఖ్‌ను బలపరిచినవాళ్లు మాట నిలబెట్టుకున్నారనే అనుకోవాలి. అయినా చాల్లేదు. తొలి లెక్కలోని 87,967 తేడా ఆ రెండో వరసలో 73,317 మేరకు పూడింది, 14,650 మిగిలిపోయింది. గిరి కోటాను 1,908తో దాటారని, అంటే పదిహేను పదహారు మంది ఆంధ్ర ఎమ్మెల్యేల ఓట్లతో గట్టెక్కారని చెప్పుకోవడం పరిపాటి. వినడానికి రంజుగా ఉంటుంది గానీ లెక్కకు నిలవదు. ఇద్దరే మిగిలాక కోటా దాటకపోయినా ఎక్కువ ఉన్నవాడే గెలుస్తాడు. అసలు తేడా 14,650. ఫలితం తారుమారు కావాలంటే మన ఎమ్మెల్యేలు 59 మందో, ఎంపీలు 13 మందో అటునుంచి ఇటు తిరగాలి.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 10,833. ఇవి తప్పించిన అభ్యర్థుల కట్టల్లోంచి ఎవరి కట్టలోకీ చేరని ఓట్లు. మిగిలిన ఇద్దరిలో ఎవరికీ ప్రాధాన్యం రాయని కాగితాలవి. గిరీ వద్దు, రెడ్డీ వద్దు అన్నవాళ్ల మాటకూ లెక్కలో ఒక గడి దక్కింది. బలవంతంగా ఎటో ఒకవైపు నెట్టకుండా, పారేయకుండా, ఆ మౌనాన్నీ తూకం వేసి రాసిపెట్టింది ఈ పద్ధతి.

ఇది లేని చోట ఏమవుతుందో 2000లో అమెరికా చూసింది. ఫ్లోరిడాలో బుష్‌కు, గోర్‌కు మధ్య తేడా 537 ఓట్లు. మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు అక్కడ పడినవి 97,488. ఆ ఓటర్ల రెండో ఎంపిక ఎవరని అడిగే గడి కాగితంలో లేదు. అందుకే నాడర్‌కు ఓటేసిన వాళ్లను ఈనాటికీ దోషుల్లా చూసేవాళ్లున్నారు. మనకు దగ్గర్లోని శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికకు ప్రాధాన్య ఓటుంది. 2024 సెప్టెంబరులో అనుర కుమార దిసనాయకకు తొలి లెక్కలో సగం రాకపోయేసరికి, అక్కడ మొదటిసారి రెండో అంకెలు లెక్కపెట్టారు.

మెచ్చుకుంటున్నాను గదా అని లోపం దాచను. గిరికి, సంజీవరెడ్డికి 1 వేసినవాళ్లు కూడా 2 రాసి ఉండొచ్చు. ఆ కాగితాల మీద రెండో అంకెను లెక్కలోకి తీసుకునే ఏర్పాటే లేదు, ఎందుకంటే వాళ్లిద్దరూ చివరిదాకా బరిలో ఉన్నారు. ఆ రెండో అంకెల్లో ఎక్కువ దేశ్‌ముఖ్‌వే అయినా, అంటే అటూ ఇటూ ఉన్నవాళ్లందరూ ఒప్పుకోగల మనిషి ఆయనే అయినా, మొదటి అంకెలు తక్కువ వచ్చినందుకు ముందే బయటికి పోతాడు. మధ్యస్థుడికి ఈ యంత్రం కఠినమే.

ఓడిన సంజీవరెడ్డి ఊరికి వెళ్లి సేద్యం చూసుకున్నారు. గిరి ఎన్నిక మీద సుప్రీంకోర్టులో కేసు పడితే, రాష్ట్రపతి హోదాలో ఉండి కూడా ఆయన స్వయంగా సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్ వీగిపోయింది. 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచి సంజీవరెడ్డి మళ్లీ స్పీకరయ్యారు, ఆ జులైలోనే రాష్ట్రపతి కూడా. అప్పుడు 37 నామినేషన్లు పడితే ఆయనది తప్ప అన్నీ తిరస్కరించారు. ఏకగ్రీవం. ఏ ఎమ్మెల్యే కూడా ఏ అంకే రాయలేదు.

1969 తర్వాత ప్రతి పోటీ తొలి లెక్కలోనే తేలిపోయింది. దానికి పార్టీల బలాబలాలతో పాటు చట్టంలో మార్పు కూడా ఒక కారణం. ఊరూపేరూ లేని అభ్యర్థులు గుంపులుగా వస్తున్నారని 1974లో పది మంది ప్రతిపాదకులు, పది మంది బలపరిచేవాళ్లు ఉండాలన్నారు. 1997లో దాన్ని యాభై, యాభై చేశారు. డిపాజిట్ 2,500 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. ఒక ఓటరు ఒక్క అభ్యర్థికే సంతకం చేయాలి. సరదా అభ్యర్థులను ఆపడం సబబే, కానీ వంద సంతకాలు మరీ ఎక్కువని నా అభిప్రాయం. మూడో మనిషి కోసం ఇంత నేర్పుగా చేసిన పనిముట్టును చేతిలో పెట్టుకుని మూడో మనిషినే గడప తొక్కనీయడం లేదు. 1997 నుంచి 2022 దాకా ఆరు ఎన్నికలు జరిగాయి. ఆరింటిలోనూ కాగితం మీద ఉన్నవి రెండే పేర్లు.