50 కేబీల తంటా

ఫొటో సైజు తగ్గించడం, రెండు పీడీఎఫ్‌లను ఒకటిగా కలపడం, స్కాన్ చేసిన కాగితాల్లోంచి అక్కర్లేని పేజీ తీసేయడం: సొంత కాగితాలతో తరచూ తగిలే ఈ చిన్న పనులకు లాగిన్ అడగని వెబ్‌సైట్లు ఇప్పుడు కోకొల్లలు. బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తులో ఐబీపీఎస్ ఫొటోను 20 నుంచి 50 కేబీల మధ్య, సంతకాన్ని 10 నుంచి 20 కేబీల మధ్య అడుగుతుంది. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో మామూలుగా 3, 4 ఎంబీలు ఉంటుంది. ఆఖరి తేదీ రాత్రి దరఖాస్తుకు కూర్చున్నవాళ్లకు గూగుల్‌లో మొదట కనిపించిన సైటే దిక్కు. అలాంటి సైటొకటి ఈ వారం ఈ కాలమ్ కంటబడింది. లాగిన్ లేదు కాబట్టి మీ ఫైలు భద్రం అని మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాసుకుంది. పేచీ అక్కడే.

లాగిన్ లేకపోవడం ఒక సంగతి, ఫైలు బయటికి పోకపోవడం వేరే సంగతి. ఈ సైట్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఫైలు ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, అక్కడ చిన్నదై తిరిగొస్తుంది. కొన్ని గంటల్లో చెరిపేస్తామని సైటువాళ్లు రాస్తారు. చెరిపారో లేదో చూసే వీలు ఫైలు ఇచ్చినవాళ్లకు లేదు. రెండో రకంలో సైటు నుంచి ప్రోగ్రామే ఫోన్‌లోకి దిగి, బ్రౌజర్ లోపలే పని ముగిస్తుంది, ఫైలు గడప దాటదు. బ్రౌజర్లకు ఈ శక్తి అంచెలంచెలుగా వచ్చింది. పీడీఎఫ్‌ను జావాస్క్రిప్ట్‌తోనే తెరిచే పీడీఎఫ్.జేఎస్ పనిని మొజిల్లా 2011లో మొదలుపెట్టింది. బరువైన ప్రోగ్రాములను బ్రౌజర్‌లో వేగంగా నడిపే వెబ్ అసెంబ్లీ 2019 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. గూగుల్ క్రోమ్ బృందం 2018లో తెచ్చిన స్క్వూష్ ఫొటోలను ఇలాగే, ఫోన్‌లోనే కుదిస్తుంది. దానికి ఖాతా అక్కర్లేదు. ఒకసారి తెరిస్తే ఆ తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది.

రెండు రకాలూ పైకి ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే పేజీ పూర్తిగా తెరుచుకున్నాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆధార్ కాకుండా ఏ పూల ఫొటోనో ఇచ్చి చూడాలి. పని జరిగితే అది రెండో రకం. చక్రం తిరుగుతూ కూర్చుంటే మొదటిదే అనుకోవాలి. నెట్ మళ్లీ రాగానే దాచిపెట్టింది పంపే మాయదారి సైటు ఉండకపోదు. అందుకే ఇన్‌కాగ్నిటోలో తెరవడం, నెట్ ఆన్ చేసే ముందే ఆ కిటికీలన్నీ మూసేయడం మంచిది. ఉచిత కన్వర్టర్ సైట్ల ముసుగులో కంప్యూటర్లలోకి మాల్‌వేర్ ఎక్కిస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. ఇక్కడి అనుభవం అంతకంటే పాతది. క్యామ్‌స్కానర్ యాప్‌లో చెడ్డ కోడ్ ఉందని 2019లో కాస్పర్‌స్కీ బయటపెట్టింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. యాప్ పోయినా క్యామ్‌స్కాన్ చేసి పంపమనే మాట మాత్రం జిరాక్స్ షాపుల్లో నిలిచిపోయింది.

కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో ఈ కాగితాల గొడవ మిగతా చోట్ల కంటే ఎక్కువ. దానికి కారణం సరిహద్దు. ఈ కాలమ్ ఏ దారిన బయల్దేరినా చివరికి 1953కే చేరుతుందని పాత పాఠకులకు తెలుసు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారితో కలిపి మిగతా 7 తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. గీత భూమి మీద పడింది గానీ చుట్టరికాల మీద పడలేదు. ఇల్లు బళ్లారిలో, చేను రాయదుర్గం పక్కన, ఆడపడుచు గుంతకల్లులో ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో. వాళ్ల పెట్టెలో ఇటు నాడకచేరి ఇచ్చిన ఆదాయ పత్రం, కన్నడంలో పహణి. అటు మీసేవ ముద్రతో తెలుగులో అడంగల్, 1-బి. అటు కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది. ఇటు కాగితంలో అదే మనిషికి పొడి అక్షరాలు పేరు చివర చేరతాయి. ఇద్దరూ ఒకరేనని చెప్పడానికి మరో అఫిడవిట్.

దీని మీద 371-జె పత్రం. 98వ రాజ్యాంగ సవరణతో కల్యాణ కర్ణాటక జిల్లాలకు చదువుల్లో, కొలువుల్లో వాటా వచ్చింది. దాన్ని అందుకోవాలంటే స్థానికుడినని రుజువు చూపి అర్హతా పత్రం తెచ్చుకోవాలి. ఆ జాబితాలోని మిగతా జిల్లాలు 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్నవి. బళ్లారిని నిజాం 1800లోనే కంపెనీకి ధారపోశాడు. 2021లో బళ్లారి నుంచి విడిపోయిన విజయనగర జిల్లా చరిత్రా అదే. అయినా జాబితాలోకి ఎక్కడం మేలే అయింది. కాకపోతే పుట్టినచోటుకో, చదివినచోటుకో, ఉన్నచోటుకో కాగితాలు జతచేసి, చెప్పిన సైజు లోపల ఎక్కించాలి. ఒక్క దరఖాస్తులో ఇంటిల్లిపాది జాతకం ఇమిడిపోతుంది. ఎవరో తెలియని సర్వర్‌కు చేరేది ఆ కట్ట మొత్తం.

సైజు తగ్గించే ముందు, ఇచ్చే వివరాలు తగ్గించాలన్నది ఈ కాలమ్ పాత పట్టు. ఆధార్‌లో మొదటి 8 అంకెలు దాచి చివరి 4 మాత్రమే చూపే మాస్క్‌డ్ కాపీని యూఐడీఏఐ సైటే ఇస్తుంది. దానికి వేరే పనిముట్టు అక్కర్లేదు. పీడీఎఫ్‌లో అంకెల మీద నల్లపట్టీ గీసి పంపడం మాత్రం ప్రమాదం. పట్టీ కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే బయటపడతాయి. గీసిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మనే పంపాలి. ఇంకొకటి: ఈ-ఆధార్‌లాగా డిజిటల్ సంతకంతో వచ్చే పీడీఎఫ్‌లను కుదించినా, వేరేవాటితో కలిపినా ఆ సంతకం చెల్లదు. అవి వచ్చినవి వచ్చినట్టే వెళ్లాలి.

ఇంతదాకా చదివితే ప్రతి ఇంట్లో ఫోన్‌లో మంచి సైటొకటి బుక్‌మార్క్ చేసుకుంటే చాలనిపిస్తుంది. కానీ సొంత ఫోనో కంప్యూటరో ఉన్నవాళ్లకు చాలా పనులకు అసలు సైటే అక్కర్లేదు. బ్రౌజర్‌లో ప్రింట్ నొక్కి, సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకుని, కావలసిన పేజీల నంబర్లు ఇస్తే మిగతావి పోతాయి. 2022 నుంచి కంప్యూటర్‌లోని ఫైర్‌ఫాక్స్ పీడీఎఫ్ మీద రాయనిస్తుంది, సంతకం గీయనిస్తుంది. ఇక దాచుకోవడానికి ఖాతాయే మేలు. డిజిలాకర్‌లోకి ఆయా శాఖలు నేరుగా పంపిన పత్రాలకు 2016 నిబంధనల ప్రకారం అసలు కాగితంతో సమాన విలువ ఉంది. సరిహద్దు ఇంటికి రెండు రాష్ట్రాల పత్రాలు ఒకేచోట దొరకడం చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టాక గీతకు అటువైపు కాగితాలు కూడా ఒక ఖాతా వెంటే నడుస్తున్నాయి.

ఖాతా అడగని సైటుకు తగిన చోటు జిరాక్స్ షాపు. సిరుగుప్పలోనైనా, కంప్లిలోనైనా, బళ్లారి బస్టాండు పక్కనైనా దరఖాస్తులు నిండేది అక్కడే. 2022 మే 27న యూఐడీఏఐ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ నకలు ఏ సంస్థకూ ఇవ్వొద్దని, ఇంటర్నెట్ కేంద్రాల్లో ఈ-ఆధార్ దించుకోవద్దని, దించితే కాపీలన్నీ శాశ్వతంగా చెరిపేయమని అందులో ఉంది. జనం తప్పుగా అర్థం చేసుకోవచ్చంటూ రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆధార్ ఇవ్వొద్దన్న మాట సంగతి ఎలా ఉన్నా, కాపీలు చెరపమన్న మాటను ఉంచాల్సింది. షాపు కంప్యూటర్‌లో ఎవరి ఖాతా తెరిచి వదిలేసినా అది తరువాతి గిరాకీ చేతికి అందుతుంది. అందుకే లాగిన్ లేని, నెట్ లేకుండా నడిచే పనిముట్టు అక్కడ అందరికీ పనికొస్తుంది. షాపువాళ్లు స్క్వూష్ లాంటిదాన్ని ఒకసారి తెరిచి పెట్టుకుంటే రోజంతా వాడుకోవచ్చు. క్రోమ్‌లో గెస్ట్ విండో వాడి మూసేస్తే చూసిన పేజీల జాడ మిగలదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫైలు మాత్రం మిగులుతుంది. ప్రింట్ తీయగానే గిరాకీ ఎదుటే షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కాలి. ఫైలు వాట్సాప్ వెబ్‌లో తెచ్చినవాళ్లు లేచే ముందు తమ ఫోన్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి, ఆ కంప్యూటర్‌ను లాగవుట్ చేయాలి.