కీబోర్డుల సొచ్చిన డప్పు

డప్పు గురించి మన సభల్లో, మన రాతల్లో చాలా మాటలే వచ్చినయి. డప్పు ధిక్కారమన్నం, మాదిగల చరిత్ర అన్నం, తోలు మీద రాసిన బతుకన్నం. కాదనేది లేదు. కాని ఇయ్యాల కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెండ్లి బరాత్‌ల, గణపతి నిమజ్జనంల, బతుకమ్మ పాటల్లో వినబడే డప్పు చాలామటుకు తోలు మీద మోగేది కాదు, ప్లాస్టిక్ మీట మీద మోగేది. దాని మీద మనవాళ్ల విమర్శ నాకెక్కడా కనబడలేదు. పాటంటే అందులోని మాటేనని, మోతను ఎవరు ఎట్ల తయారుచేసినా ఒకటేనని అనుకుంటున్నమా? అదే మన విమర్శలో ఉన్న లోపం.

వర్క్‌స్టేషన్ కీబోర్డు అంటే వాద్యాలు, లయ, రికార్డింగు అన్నీ ఒక్క పెట్టెలో ఉండేది. 1988లో కోర్గ్ కంపెనీ తెచ్చిన ఎం1తో ఈ రకానికి లోకమంతా పేరొచ్చింది. ఇందులో డ్రమ్ కిట్ అంటే ఒక్కో మీటకు ఒక్కో దెబ్బ. ఏ మీటకు ఏ దెబ్బ అనేది 1991లో వచ్చిన జనరల్ మిడి ఒప్పందం ఖాయం చేసింది. తాళవాద్యాలకు పదో ఛానెల్, 35 నుంచి 81 దాకా నలభై ఏడు మోతలు. 36 మీద కిక్, 38 మీద స్నేర్, 60, 61 మీద బోంగోలు. కాంగా ఉన్నది, అగోగో ఉన్నది, మరాకస్ ఉన్నది, క్వీకా కూడా ఉన్నది. వీటిలో చాలా వాద్యాల వెనుక ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన జనం చరిత్ర ఉంది. ఆ చరిత్ర మీది గౌరవంతోటి వాటికి చోటిచ్చిండ్రనుకోను, ఆ పాటలకు అమెరికాలో మార్కెట్ ఉండబట్టే ఇచ్చిండ్రు. ఆ నలభై ఏడులో తబలా లేదు, ఢోలక్ లేదు, డప్పు లేదు. తర్వాత కంపెనీలు మన దేశం కోసమని చేసిన నమూనాల్లో తబలా, ఢోలక్ వచ్చినయి. డప్పును మాత్రం మా దిక్కు వాయించేటోళ్లే రికార్డు చేసుకొని, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఎక్కించుకున్నరు.

మా చిన్నాయిన కొడుకు మంచిర్యాల దిక్కు ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తడు. వాని దగ్గర రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 ఉంది, బయటి మోతలను లోపలికి తీసుకునే రకం. వాడు డప్పు కిట్ చేస్తుంటే రెండు దినాలు పక్కన కూసొని చూసిన. మా చిన్నాయిన డప్పు పట్టుకొని వచ్చిండు. "ఒక్క దెబ్బ కొట్టు నాయినా, చాలు" అన్నడు వాడు. "ఒక్క దెబ్బతోని ఏం మోగుతదిరా" అన్నడు చిన్నాయిన. ఆ రెండు దినాల కొట్లాటంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

డప్పు కొట్టేటోనికి రెండు చేతుల్లో రెండు పుల్లలు. కుడిచేత పొట్టి సిర్ర, ఎడమచేత సన్నని చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ మోగుతుంటే చిటికెన పుల్ల తోలుకు ఆని ఆ మోతను సగంలో పట్టుకుంటది, ఒకోసారి దాని మీదనే జుమ్మంటది. కిట్‌లో దీనికి దగ్గరిది మ్యూట్ గ్రూపు. రెండు మీటలను ఒక గ్రూపులో పెడితే రెండోది నొక్కంగనే మొదటిది ఆగుతది. తెరిచిన హై-హ్యాట్‌ను మూసిన హై-హ్యాట్ ఆపడానికి చేసిన ఏర్పాటిది. అయితే అది గొంతు కోసినట్టు ఆపుతది. చిటికెన పుల్ల ఆపదు, అణచి పట్టుకుంటది. ఆ తేడాకు పెట్టెలో మీట లేదు. మా తమ్ముడు ఆ జుమ్మనే మోతను వేరే రికార్డు చేసి పక్క మీట మీద పెట్టిండు. తెలివైన పనే.

ఇగ సెగ. తోలు సల్లబడితే డప్పు పలకదు, మంట పెట్టి కాచాలె. ఊరేగింపు నడుమ గడ్డి మంట కాడ ఆగి కాచుకుంటరు. మంచు కురిసే రాత్రి ఒక తీరు, ఎండపూట ఒక తీరు. డప్పు శ్రుతి అంటే అదే, దాన్ని చేతివేళ్లతోటి, చెవితోటి చూసుకుంటరు. కిట్‌లో దీనికి ట్యూన్ అనే అంకె ఉంది. ఆ అంకె పెంచితే స్థాయి పెరుగుతది, కాని మోత మొత్తం వేగమై పొట్టిగైతది, కొట్టిన చెయ్యి కూడా తొందరపడ్డట్టు వినబడుతది. కాచిన డప్పులో తోలు బిగుసుకుంటది గాని చెయ్యి మారదు. అందుకని చిన్నాయిన డప్పును మూడుసార్లు కాచి, మూడు సెగల మీద కొట్టి చూపించిండు. మెల్లగ నొక్కితే ఒకటి, గట్టిగ నొక్కితే ఇంకొకటి పలికేటట్టు తమ్ముడు పొరలు పేర్చిండు. ఇది చెయ్యని కిట్లలో ఒకే దెబ్బ వందసార్లు అచ్చుగుద్దినట్టు పడుతది. డీజే పాటల్లో మనం వింటున్నది ఎక్కువగా అదే.

ఇక్కడ "అసలు డప్పు పోయింది" అని కన్నీళ్లు పెట్టుకునే జానపద ప్రేమికులున్నరు. వాళ్లతోటి నాకు పేచీ ఉంది. మా తాత ఒక సావుకు డప్పు కొట్ట రానన్నందుకు ఆ ఏడు కల్లం కాడ మాకు గింజ దొరకలేదు. ఆ డప్పు పోతే నాకు ఏడుపు రాదు. వానలో, ఎండలో శవం ముందు నడవకుండా, కుర్చీ మీద కూసొని, పెట్టె ముందు వాయించే మాదిగ పిలగాణ్ని చూసి బాధపడేటోళ్లు ముందు తమ బిడ్డకు డప్పు నేర్పాలె.

అయితే పెట్టె విముక్తి ఇచ్చిందని చంకలు గుద్దుకునుడు కూడా నాకు రాదు. అంబేడ్కర్ 1936లోనే కులాన్ని శ్రమ విభజనగా కాదు, శ్రామికుల విభజనగా చూపించిండు. స్టూడియోలో ఆ విభజన మళ్లీ మొలుస్తున్నది. కిట్ చేసినోడు ప్రోగ్రామర్. కొట్టినోనికి ఏ పేరూ లేదు. అమ్ముడుపోయే కిట్ల మీద "తెలంగాణ ఫోక్" అనో "తీన్మార్" అనో ఉంటది. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీలో మోగే తుడుం, మాదిగ డప్పు, హైదరాబాద్ సిద్దీల మర్ఫా అన్నీ ఆ ఒక్క "ఫోక్" డబ్బాలో పడుతున్నయి. కులం పేరు తీసేస్తే మోతకు ధర వస్తున్నదన్నమాట.

2023లో వచ్చిన బలగం సినిమా సిరిసిల్ల దిక్కు పల్లెలో ఒక సావు చుట్టూ తిరుగుతది. అందులో బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పేరుతోటి, ముఖంతోటి తెర మీదికి వచ్చినరు. గొంతుకు పేరు మిగిలింది. దెబ్బకు ఎందుకు మిగలదు? అమెరికాలోనూ ఇదే కథ. 1969లో విన్‌స్టన్స్ బృందం పాటలో గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్మర్ వాయించిన ఆరేడు సెకన్ల ముక్కను కోసుకొని వేల పాటలు చేసుకున్నరు. ఆయన 2006లో పేదరికంలోనే పోయిండు. 2015లో అభిమానులు చందాలేసి 24 వేల పౌండ్లు జమచేస్తే అవి అందింది బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతోటి వచ్చింది, 2012లో రాయల్టీ ముచ్చట కూడా చేరింది. మరి మూడు సెగల మీద పది దెబ్బలు కొట్టి ఇంటికి పోయిన మా చిన్నాయిన ప్రదర్శకుడా, కాదా? మన వకీళ్లు, మన సంఘాలు ఎత్తుకోవాల్సిన ప్రశ్న ఇది. పింఛను అడుగుడు ఒకటి, హక్కు అడుగుడు ఇంకొకటి.

రెండో దినం మాపటికి కిట్ తయారైంది. దాచిపెట్టేటప్పుడు పెట్టె పేరు అడుగుతది. "చిన్నాయిన పేరు పెట్టు తమ్మీ" అన్న. వాడు కొంచెంసేపు తెర దిక్కే చూసిండు. "పాట నడుమ తెర మీద పేరు కనబడుతదన్నా. పెండ్లోళ్లు చూస్తే మనం ఎవరమని అడుగుతరు" అన్నడు. చిన్నాయిన డప్పును సంచిలో పెట్టుకుంటున్నడు, ఏమనలేదు. వాడు "డప్పు 1" అని కొట్టి దాచిండు. వారం తిరగకముందే ఆ ఫైలు లక్సెట్టిపేటలో ఇంకో ఆర్కెస్ట్రాకు చేరింది, "ఫోక్ న్యూ" అనే పేరుతోటి.